చెంపల మీద నిలవని రంగు

ముఖానికి వేసిన ఫౌండేషన్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంటే ముందు సీసాను తిట్టకండి. పార్లర్ పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలందరికీ నేను చెబుతూ వచ్చిన మాట ఇది. ఇప్పుడు నాకు చూపు తగ్గింది, కాటుక గీత గీస్తే చేయి వణుకుతోంది, అందుకని పని మానేశాను. అయినా మా వాడలో బ్యూటీషియన్ కోర్సు చేసిన పిల్లలు ఇంకా వస్తూనే ఉంటారు. "పెద్దమ్మా, గీమె మొఖానికి రంగు అతుకుతలేదు, ఏం జెయ్యాలె?" అని ఫోన్‌లో ఫోటో చూపిస్తారు. నేను ఫోటో చూడను. "మొఖం మీద చెయ్యి పెట్టి చూసినవా?" అని అడుగుతాను. పెట్టి ఉండరు. బ్రష్షు పెడతారు, స్పాంజి పెడతారు, చెయ్యి మాత్రం పెట్టరు.

నాకూ ఆ బుద్ధి పుట్టుకతో రాలేదు. ఒక పెళ్ళిలో వచ్చింది. ఆ పెళ్ళి సంగతి ఈ పిల్లలకు ముక్కలు ముక్కలుగా చెప్పాను గాని మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను చదివింది ఐదో తరగతి. పెళ్ళయి శ్రీరాంపూర్ క్వార్టర్లకు వచ్చాను. మా ఆయనది బొగ్గు బాయిలో పని. ఆయన డ్యూటీ దిగి వచ్చి ఎంత కడుక్కున్నా కళ్ళ అంచుల్లో మసి కాటుకలా మిగిలిపోయేది. సబ్బుతో పోని మసి కొబ్బరినూనెలో ముంచిన దూదితో తుడిస్తే పోతుందని నేను అప్పుడే కనిపెట్టాను. తర్వాత అదే పనిని పార్లర్‌లో మేకప్ తీయడం అంటారని తెలిసి నవ్వుకున్నాను.

మంచిర్యాల బజారులో, మెట్లెక్కి పోతే రెండు గదులు, అదే మా పార్లర్. ఓనరు నాకంటే చిన్నదే, అయినా అందరికీ ఆమె అక్క. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. దారం పంటితో పట్టి కనుబొమ్మలు దిద్దడం దగ్గర నుంచి పెళ్ళికూతురి జడ అల్లడం దాకా నాకు నేర్పింది ఆమే. మా ఆయనకు బాయిలో కాలు విరిగి ఇంట్లో మంచం పట్టినప్పుడు నేను పనికి పోకుండా కూర్చుంటే తానే క్వార్టరుకు వచ్చింది. "నువ్వు ఈడ కూసొని ఏడిస్తే గాయన కాలు అతుకుతదా? నడువు" అని లాక్కుపోయింది. ఆ నెలంతా మధ్యాహ్నం మా ఆయనకు కూర ఆమె ఇంటి నుంచే పోయింది. ఇకముందు ఆమె మీద కోపంగానే రాయాల్సి వస్తుంది. రాస్తుంటే ఆ కూర గుర్తుకొచ్చి పెన్ను ఆగుతోంది. అందుకే మంచిమాట ముందే చెప్పి పెడుతున్నాను.

ఒక రోజు నస్పూర్ నుంచి ఒక తల్లి కూతుర్ని తీసుకొని వచ్చింది. పిల్లను చూడ్డానికి కరీంనగర్ నుంచి వస్తున్నారట. పిల్ల డిగ్రీ చదివింది. చామనఛాయ, పెద్ద కళ్ళు, నవ్వితే బుగ్గ మీద చిన్న సొట్ట. నేను సీసాలు దించి ఆ పిల్ల దవడ కింద ఒక్కొక్క చుక్క పెట్టి చూస్తున్నాను. మెడ రంగులో కలిసిపోయి ఏ చుక్క కనబడకుండా పోతుందో అదే ఆ ముఖానికి సరైన రంగు. నాకు దొరికింది కూడా. అంతలో అక్క వచ్చి నా చేతిలోని సీసా తీసి పక్కన పెట్టి, దానికంటే బాగా తెల్లది అందుకుంది.

"అక్కా, అది గీమెది కాదు" అన్నాను.

"ఉన్న రంగే చూపెట్టేటట్టయితే ఇంట్ల అద్దం లేదా? ఈడికెందుకొస్తరు?" అంది అక్క.

అందరం నవ్వాం. తల్లి కూడా నవ్వింది. మెడకూ చేతులకూ కూడా ఆ తెలుపే రాసి, పౌడరు అద్ది పంపింది. పిల్ల పోయేముందు అద్దంలో తనను కొత్తమనిషిని చూసినట్టు చూసుకుంది.

సంబంధం కుదిరింది. తల్లి మిఠాయి పెట్టెతో మెట్లెక్కి వచ్చింది. "పిల్లగాని తల్లికి మస్తు నచ్చిందట అక్కా! తెల్లటి పిల్ల దొరికిందని వాళ్ళ ఊరంత చెప్తున్నదట" అని ఆమె మురిసిపోతుంటే నేను అలమారలోని సీసా వైపు చూశాను. వాళ్ళకు నచ్చిన తెల్లటి పిల్ల అందులో ఉంది.

ఆ తర్వాత పిల్ల ఒక్కతే రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా అక్క ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయేది. ఆ గదిలో ఒక అరలో చిన్న చిన్న తెల్ల డబ్బాలు ఉండేవి. కుంకుమ భరిణెలంత ఉంటాయి, మీద పేరు లేదు, చీటీ లేదు. ఏమిటవి అని ఒకసారి అడిగాను.

"ఆయుర్వేదం. హైదరాబాద్ కెల్లి తెప్పిస్తున్న. నీకెందుకే? నువ్వు తెల్లగైతే మీ ఆయన గుర్తువట్టడు, ఇంట్లకు రానియ్యడు" అంది. మళ్ళీ అందరం నవ్వాం. అక్క దగ్గర ఏ మాటకైనా నవ్వు ముందు వచ్చేది, జవాబు తర్వాత వచ్చేది. ఒక్కోసారి జవాబు వచ్చేదే కాదు.

పిల్ల ముఖం నిజంగానే మారింది. నెల తిరిగేసరికి తెల్లబడింది. రెండు నెలలకు చర్మం అద్దంలా మెరిసింది. మొటిమ లేదు, మచ్చ లేదు. "ఏం తింటున్నవ్ బిడ్డా?" అని నేనే అడిగాను. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

ముహూర్తం మాఘంలో, పట్టపగలు. మంచిర్యాలలో ఫంక్షన్ హాలు. అక్క ఆ రోజే ఇంకో పెళ్ళి కూడా ఒప్పుకొని ఉంది. "నువ్వు వోయి మొదలువెట్టు, నగలు పెట్టే యాళ్ళకు నేనొస్త" అని నన్ను పంపింది. నేను పెట్టె తీసుకొని పొద్దున్నే పోయాను.

పెళ్ళికూతుర్ని గదిలోకి తెచ్చారు. కొంగు ముఖం మీదికి లాక్కొని ఉంది. కొంగు తీస్తే ముఖమంతా పసుపు. మా దిక్కు అమ్మాయిని పెళ్ళిపిల్లను చేసినప్పటి నుంచి పెళ్ళిదాకా ముఖానికి పసుపూ నలుగూ తప్ప ఇంకేమీ తగలనివ్వరు. సబ్బు వద్దు, స్నో వద్దు, పౌడరు వద్దు. ఆ తల్లి ఇలాంటివి గట్టిగా పట్టించుకునే మనిషి. నేను నూనె దూదితో పసుపంతా తీశాను. కింద చర్మం ఎర్రగా ఉంది. నలుగు గట్టిగా రుద్ది ఉంటారులే అనుకున్నాను. క్రీము రాశాను, ఇంకేదాకా ఆగాను, ఫౌండేషన్ తీశాను.

నుదురు మీద పట్టులా పరుచుకుంది. ముక్కు మీద బాగానే ఉంది. గడ్డం కింద, మెడ మీద బాగుంది. చెంపలకు వచ్చేసరికి స్పాంజి తీసినచోటల్లా రంగు స్పాంజితోనే లేచి వచ్చింది. మిగిలింది రొట్టెపిండి చేతికి అంటి ఉండలు చుట్టుకున్నట్టు చుట్టుకుంది.

పాత స్పాంజి కదా అని కొత్తది తీశాను, దానితోనూ అంతే. తడి ఎక్కువైందేమోనని చెంపలు తుడిచి వేళ్ళతో పలచగా వేశాను. కాసేపు ఆగి చూస్తే చెంప మీద మ్యాపు గీసినట్టు తెల్లగా ఒకచోట, ఎర్రగా ఒకచోట. తుడిచేసి ఇంకో సీసా తీశాను. అదీ అంతే. బొగ్గు బాయి నీళ్ళతో కడుక్కుంటే మా క్వార్టర్లలో చర్మం పొట్టు లేస్తుంది, అది కావచ్చునని మంచినీళ్ళ సీసా తెప్పించి తుడిచాను. ఏమీ మారలేదు.

చుట్టూ మేనత్తలు, చిన్నమ్మలు నిలబడి చూస్తున్నారు.

"ఏందే, తడిగోడకు సున్నమేస్తున్నవా? ఎంతకీ అంటుతలేదు" అంది ఒక చిన్నమ్మ.

"దిష్టి తాకింది వదినె. మూడొద్దుల సంది మొఖం గిట్లనే ఎర్రగైతున్నది. అందుకే రెండు పూటల నలుగు పెట్టి మంచిగ రుద్దినం" అంది మేనత్త.

అప్పుడు నేను ఎందుకో బ్రష్షు పక్కన పెట్టి, జ్వరమొచ్చిన పిల్లకు చూసినట్టు అరచేతి వెనకవైపు ఆ పిల్ల నుదుటి మీద పెట్టాను. చల్లగా ఉంది. చెంప మీద పెట్టాను. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన గిన్నెలా కాలుతోంది. వేళ్ళు కిందికి జరుపుతూ పోతే దవడ దగ్గర ఆ వేడి గీత గీసినట్టు ఆగిపోయింది. ఏదైనా క్రీము రాసుకుంటే చెయ్యి ఎక్కడిదాకా పోతుందో సరిగ్గా అక్కడిదాకే ఆ మంట ఉంది. కళ్ళద్దాలు పెట్టుకొని దగ్గరగా చూశాను. చర్మం ఉల్లిపొరంత పలచబడి లోపలి ఎర్ర నరాలు దారాల్లా కనబడుతున్నాయి. పైన సన్నగా పొట్టు లేస్తోంది. రంగు అంటుకోవాలంటే కింద ఒక పొర ఉండాలి కదా. ఆ పొరే ఊడి వస్తోంది.

"చీర కుచ్చిళ్ళు సవరియ్యాలె, జర అందరు బయటికి పోన్రి" అన్నాను. గొణుక్కుంటూ పోయారు. తలుపు వేశాను.

"బిడ్డా, మొఖానికి ఏం రాసినవ్?"

"పసుపే అత్తా."

"పసుపుకు ముందు?"

ఆ పిల్ల తల వంచుకుంది. "అక్క ఇచ్చిన డబ్బ. రోజు పడుకునేముందు రాసుకున్న. పెండ్లిపిల్లను చేసినంక ఆపిన."

"ఎందుకాపినవ్?"

"రెండర్రల క్వార్టర్ల ఇంటి నిండ సుట్టాలు అత్తా. అద్దం ముందట ఒక్కదాన్ని నిలవడే జాగ లేదు. డబ్బ బీరువ ఎనుక దాచిన, తీసేటట్టు లేదు. ఆపిన రెండో దినంకెల్లి మంట. అవ్వోళ్ళేమో దిష్టని నలుగు రుద్దుతున్రు. రుద్దినప్పుడు పానం పోయినట్టయితున్నది."

"నొస్తుందని చెప్పరాదా?"

"ఎందుకు నొస్తుందని అడుగుతరు గదా."

తర్వాత ఆ పిల్ల మిగిలింది కూడా చెప్పింది. పెళ్ళిచూపులైన మరునాడే అక్క ఆమెను పిలిచిందట. వాళ్ళు చూసిపోయిన రంగు లగ్గం నాటికి ముఖం మీద ఉండాలె, లేకుంటే మోసం చేసిన్రంటరు అని చెప్పిందట. తల్లికి తెలియదు. ఇంటి నలుగుతో కూతురు తెల్లబడిందని వాడంతా చెప్పుకుంటోంది.

"అత్తా, నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వరికి చెప్పకు. మందు రాసి తెల్లగ చేసిన్రని అటోళ్ళకు తెలిస్తే లగ్గం ఆపుతరు. ఆపకున్నా గా మాట బతికినంత కాలం అంటరు" అంది.

"చెప్ప. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ముఖమంతా కడిగేశాను. చల్లటి నీళ్ళలో మెత్తటి నూలుగుడ్డ తడిపి చెంపల మీద పరిచాను, వేడెక్కితే తీసి మళ్ళీ తడిపి వేశాను. కొంతసేపటికి ఆ పిల్ల భుజాలు కిందికి జారాయి. కుర్చీలోనే కళ్ళు మూసుకుంది. ఎన్ని రోజులకు ఊపిరి పీల్చుకుందో. నేను జడ వేశాను, పూలు పెట్టాను, కళ్ళు దిద్దాను, పెదవులకు రంగు వేశాను. చెంపల జోలికి పోలేదు. ఎర్రగానే ఉంటాయి, ఉండనీ. సిగ్గుపడిందనుకుంటారు.

అక్క వచ్చింది. చూసింది. నన్ను పక్కకు లాగింది.

"ఏందే గిది? చెంపలకు ఏం వెయ్యలే?"

"అక్కా, గా డబ్బల ఏమున్నది?"

"ఇప్పుడా అడిగేది?"

"పిల్ల మొఖం కాలుతున్నది. చెయ్యి పెట్టి చూడు."

"నాలుగు గంటల ముచ్చట. గట్టి కేకు రంగు వెయ్యి, మీదికెల్లి పౌడర్ దట్టించు, ఏం కనవడదు. రేపు నా దగ్గరికి తోలుకరమ్మను, సల్లటిది రాస్త."

"రేపటికి తోలు ఊడొస్తది అక్కా."

"నువ్వు డాక్టర్‌వా?" అంది అక్క. ఈసారి నవ్వలేదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పిల్లగాని తల్లి, వాళ్ళ ఆడవాళ్ళు పెళ్ళిచీర పళ్ళెంలో పట్టుకొని వచ్చారు. వెనక పెళ్ళికూతురి తల్లి, మేనత్తలు. ముందు కుంకుమ పెట్టి చీర చేతిలో పెట్టాలి. పిల్లగాని తల్లి కుంకుమ పెట్టడానికి పెళ్ళికూతురి గడ్డం పట్టుకొని ముఖం పైకెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కిటికీ వెలుతురు నేరుగా చెంపల మీద పడింది.

"ఇదేందమ్మా?" అంది. "మేం చూసిపోయిన పిల్లేనా గీమె?"

వెనకవాళ్ళు తలలు ముందుకు వంచి చూశారు.

"చెల్లెను చూపెట్టి అక్కను కట్టవెడుతున్రా ఏంది?" అని వెనక నుంచి వాళ్ళ మనిషి ఒకామె అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

పెళ్ళికూతురి తల్లి ముఖం పాలిపోయింది. ఆమెకు ఏమీ తెలియదు పాపం. తెలిసినవాళ్ళం ముగ్గురం. ఆమె మా ముగ్గురిలో నన్నే చూసింది. "ఏం చేసినవే నా బిడ్డ మొఖాన్ని? పొద్దుగాల గింత ఎర్రగ లేకుండె గదా!"

నేను అక్క వైపు చూశాను. తప్పంతా తీసుకోమని కాదు, ఏదో ఒక మాట, ఎండ తగిలిందనో పసుపు పడలేదనో, నవ్వుతూ అనేస్తుందని అనుకున్నాను. అంత నోరుగల మనిషి.

"నేను గా పెండ్లి కాడ ఉంటి వదినె. వచ్చేటాల్లకు గిట్ల చేసి పెట్టింది. అక్షరం ముక్క రానోళ్ళను పనిల వెట్టుకుంటే గింతే. ఏ సీసల ఏమున్నదో సదువ రాదు" అంది అక్క.

నాకు చదవడం వచ్చు. మెల్లగా చదువుతాను, కాని వచ్చు. సీసాల మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పలికించి నాకు నేర్పింది అక్కే.

మాట నా నోటిదాకా వచ్చింది. డబ్బా సంగతి, తెల్ల సీసా సంగతి, అన్నీ ఒక్కసారే. అప్పుడు కింద నా చీర లాగినట్టయింది. కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల, ఎవరికీ కనబడకుండా, నా కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకొని ఉంది. నా వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తోంది. పిడికిలి మాత్రం వదలడం లేదు.

"అవునమ్మా" అన్నాను. "సీస మారింది. పడలే. నాదే తప్పు."

ఆ మాట అనగానే గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. పిల్లగాని తల్లి "గంతేనా! నేనింకేమో అనుకున్న" అంది. పెళ్ళికూతురి తల్లి ఏడుస్తూనే వియ్యపురాలి చేతులు పట్టుకుంది. పెళ్ళి ఆగదు, పిల్ల మారలేదు, మోసం లేదు. పార్లరామెకు పని రాదు, అంతే. అందరికీ సరిపోయే తప్పు అది. నన్ను బయటికి పొమ్మన్నారు. పోతుంటే ఒక మేనత్త "పెండ్లి నాడు గింత పని చేస్తదా మనిషి? చేతులు ఇరగ!" అంది.

అక్క తలుపు వేసుకుంది. నేను వంటల వైపు పోయి గోడ పక్కన నిలబడ్డాను. బ్యాండు మొదలైంది. పెళ్ళికూతుర్ని తీసుకొస్తుంటే దూరం నుంచి చూశాను. గచ్చు చేసిన గోడలా నున్నగా, తెల్లగా ఉంది ముఖం. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తల్లిని విడిచిపోతోందని ఏడుస్తోంది, చూడు ఎంత ప్రేమో అని పక్కన ఎవరో అన్నారు. నేను భోజనం చేయకుండానే ఆటో ఎక్కి వచ్చేశాను.

మరునాడు అక్క ఫోన్ చేసింది. "మంచి మాటన్నవ్. పార్లర్ ఇజ్జత్ నిలవెట్టినవ్. నేనన్నది మనసుల పెట్టుకోకు, గా యాళ్ళకు అనాలె గదా. పనికి రా."

పోయాను, పనికి కాదు. ఆ డబ్బాలు అమ్మడం ఆపమని అడగడానికి పోయాను. అక్క ఒక ఆవిడకు కనుబొమ్మలు దిద్దుతోంది. ఆమెను పంపించాక నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నేను ఆపితే పక్క పార్లరామె అమ్ముతది. గీ పొల్లలు నా కాడికి వచ్చి అడుగుతున్రు, నేను పోయి రాస్తలేను. తెల్లటి పిల్ల కావాలన్నోళ్ళను ఎవ్వరేమనరు. నన్నంటున్నవ్."

ఆమె మాటలో సగం నిజం ఉంది. అదే నాకు ఎక్కువ బాధ. మిగిలిన సగం గురించి అడగబోతే, "మీ ఆయన కాలిరిగినప్పుడు ఎవరు చూసిన్రు మిమ్ముల?" అంది. పెట్టిన కూరను ఆమె లెక్క చెప్పడం అదే మొదటిసారి. మెట్లు దిగి వచ్చేశాను, మళ్ళీ ఎక్కలేదు.

ఇంటి దగ్గరే చిన్న అద్దం పెట్టుకొని కనుబొమ్మలు, జుట్టుకు రంగు, అలాంటివి చేస్తూ బతికాను. పెళ్ళిపిల్లలను మాత్రం నా దగ్గరికి ఎవరూ తేలేదు. నస్పూర్ నుంచి శ్రీరాంపూర్ దాకా మాట పాకింది. ఎవరైనా నా పేరు చెబితే, "ఆమెనా? పెండ్లిపిల్ల మొఖం కాల్చిన ఆమె గదా" అనేవాళ్ళట. జడ అల్లడంలో నాకు మంచి చేయి ఉండేది. ఆ చేయి అలాగే ఉండిపోయింది.

ఆ డబ్బాలో ఏముందో తర్వాత తెలిసింది. మా వాడ పిల్ల ఒకామెకు అదే తీరు మంట వస్తే నేనే కరీంనగర్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. గజ్జికి, దురదకు కొన్ని రోజులు మాత్రమే రాసే మందును క్రీముల్లో కలిపి అమ్ముతారట. మొదట తెల్లబడుతుంది, నున్నబడుతుంది, లోపల చర్మం పలచబడిపోతుంది. ఆపితే మంట, ఆపకపోతే ఇంకా పలచబడుతుంది. ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలట. నలుగు రుద్దితే ఏమవుతుందమ్మా అని అడిగాను. ఆ డాక్టరమ్మ కళ్ళు మూసుకొని తల అడ్డంగా ఊపింది.

అందుకే, పిల్లలూ, పొడి చర్మానికి క్రీము రాసి ఆగండి, జిడ్డు చర్మానికి తక్కువ వేయండి, స్పాంజి కడుక్కోండి, పౌడరు మీద పౌడరు దట్టించకండి. ఇవన్నీ మీకు కోర్సులో చెబుతారు. ఇవన్నీ చేసినా రంగు లేచి వస్తుంటే ముఖం మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే సీసా మూత పెట్టేసి, అందర్నీ బయటికి పంపి, ఆ పిల్లను అడగండి. చెప్పదు. ఇంకోసారి అడగండి.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఇటీవల కళ్ళు చూపించుకోవడానికి కరీంనగర్ పోయాను. బస్టాండులో ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాకు ఆనవాలు దొరకలేదు. "అత్తా" అనగానే గొంతు గుర్తుపట్టాను. ముఖానికి దట్టంగా ఫౌండేషన్ వేసుకుంది. అది చెంపల మీద అతుకులు అతుకులుగా విడిపోయి కింద నల్లటి మచ్చలు కనబడుతున్నాయి. నేను చూడనట్టు చూశాను. ఆమె అది కూడా గమనించింది.

"బాగైతదంటున్రు అత్తా. డాక్టర్ల చుట్టు తిరుగుతున్న" అంది. తర్వాత, "జర మా ఇంటికి రా. మా ఆడిబిడ్డ గసొంటి డబ్బనే వాడుతున్నది. ఇప్పుడు ఫోన్ల ఆర్డర్ పెడితే ఇంటికే వస్తున్నది. నేను చెప్తే ఇంటలేదు. నేను నల్లగైన గదా, కడుపుమంటతోని చెప్తున్న అంటది. నువ్వు పెద్దదానివి, పార్లర్ పని తెలిసినదానివి, నువ్వు చెప్పు" అంది.

పోయాను. అత్తగారు ఇంట్లో లేదు. ఆడబిడ్డ అద్దం ముందు కూర్చొని తల దువ్వుకుంటోంది. చిన్న వయసు. చర్మం అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు నేను ఇంతకు ముందు చూసిందే. నేను మంచం మీద కూర్చొని ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆ పిల్లే నన్ను అద్దంలో నుంచి తేరిపార చూసింది.

"నువ్వు గా పార్లరామెవు గదా? లగ్గం నాడు మా వదినె మొఖం ఖరాబు చేసింది నువ్వే గదా? నేనప్పుడు చిన్నదాన్ని, మా అమ్మ ఎనుకే ఉంటి. మా అమ్మ ఇప్పటికి తిడుతది నిన్ను."

నా నోటితో నేనే ఒప్పుకున్న తప్పు అది, వాళ్ళమ్మ చెవులతో విన్నది. ఆ నోటితోనే ఇప్పుడు క్రీము రాసుకోవద్దని ఎలా చెప్పను? లేవబోయాను.

వదిన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తువాలు తడిపి తెచ్చింది. ఆడబిడ్డ ముందు నిలబడి తన ముఖాన్ని గట్టిగా తుడుచుకుంది. ఒకసారి, ఇంకోసారి. తువాలుకు రంగంతా వచ్చేసింది. చెంపలు రెండూ బొగ్గుపొడి పూసినట్టు, మధ్యమధ్యలో ఎర్రగా, తెల్లగా, కిటికీ వెలుతురులో బయటపడ్డాయి.

"ఈమె కాదు. ఈమె పాపం నా కోసం మాట పడ్డది. నా మొఖాన్ని గిట్ల చేసింది గా డబ్బ" అంది. "నువ్వు రాసుకునేదే. లగ్గానికి ముందు నేను గూడ నీ తీరే మెరిసిన. మంచిగ చూడు."

ఆడబిడ్డ దువ్వెన కింద పెట్టింది. లేచి దగ్గరికి వచ్చింది. వేలితో వదిన చెంపను మెల్లగా తాకి చూసింది. ఆ పిల్ల కళ్ళలో భయం కనబడింది నాకు, నిజంగానే కనబడింది. చాలాసేపు చూసింది. తర్వాత మళ్ళీ అద్దం వైపు తిరిగి తన ముఖం చూసుకుంటూ అడిగింది.

"ఎన్ని నెలలు రాసినంక గిట్లయింది వదినె? నాకు వచ్చే మాఘంల లగ్గం. అందాక ఆగుతదా?"